ఆరు నెలల అమెరికా

మధురానగరము హైదరాబాదు పటములో పెద్ద పేరు గల పేట కాదు. అమీర్‌పేటకును యూసుఫ్‌గూడకును నడుమ కొన్ని ఇరుకు వీధులు, కొన్ని అపార్టుమెంటులు, లెక్కకు మిక్కిలిగా హాస్టళ్లు కలవు. 2019లో హైటెక్ సిటీకి పోవు మెట్రో మార్గము తెరచినప్పుడు ఈ పేటకును ఒక స్టేషను లభించి, దానికి 'తరుణి' అను పేరు చేరినది. స్టేషను మెట్లు దిగి అమీర్‌పేట వైపు నడిచినచో, గోడలపైనను స్తంభములపైనను అంటించిన కాగితములు కన్నులకు అడ్డము వచ్చును. ఏ భాషను ఎన్ని దినములలో నేర్పుదురో, రుసుమెంతో, తరగతి ఏ వేళకు ప్రారంభమగునో వానిపై అచ్చై ఉండును. ఇచ్చట భాష యనగా జావా, పైథాన్ వంటివి. తెలుగు కాదు.

1990ల చివర, 2000 సంవత్సరము ప్రవేశించినంతనే కంప్యూటర్ల లెక్కలు తారుమారగునను భయము అమెరికా కంపెనీలను పట్టుకొన్నది. పాత ప్రోగ్రాములను సరిదిద్దగల యువకులకు గిరాకీ పెరిగినది. మైత్రీవనము కూడలి చుట్టును శిక్షణాలయములు వెలసినవి. ఆనాటి నుండి ఈ ప్రాంతమున అమెరికా మాట వినపడని దినము లేదు. కాని ఆ మాటలేవి? పరీక్షలో ఎన్ని మార్కులు, బ్యాంకు అప్పు ఎంత, వీసా ఎప్పుడు, జీతమెంత. ఆ దేశములో మనుష్యులు తెల్లవారి లేచి ఏమి చేయుదురు, పిల్లలు బడికి ఎట్లు పోవుదురు, ముసలివారు పగలు ఎట్లు గడుపుదురు అను ప్రశ్నలకు శిక్షణాలయములలో తరగతి లేదు. ఉండవలెనని ఎవ్వరును కోరలేదు.

ఆ దేశపు గుమ్మము మాత్రము ఏటేట దగ్గరకు జరిగినది. వెనుక తెలుగువారు వీసా కొరకు చెన్నపట్టణము పోయి, జెమిని వంతెన దగ్గరి కాన్సలేటు ఎదుట వరుసలో నిలువవలసి వచ్చెడిది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెసులో అమెరికా కాన్సలేటు తెరచిరి. మరుసటి యేటి నుండి వీసాలు అచ్చటనే ఇయ్యసాగిరి. మధురానగరము వారికి అది ఆటోలో పోదగిన దూరము. 2023లో కార్యాలయము నానక్‌రామ్‌గూడకు మారినది. ఇక చిలుకూరు బాలాజీని 'వీసా బాలాజీ' యని పిలుచుటయు, కోరుకొనునప్పుడు పదకొండు ప్రదక్షిణములు, కోరిక తీరిన పిమ్మట నూట ఎనిమిది చేయుటయు నగరమున ఎల్లరు ఎరిగినదే. 2008 మార్చి వరకు విమానములు బేగంపేట నుండియే లేచెడివి కావున, ఒక్కని సాగనంపుటకు ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగును కదలిపోవుట సులభముగా నుండెను. శంషాబాదు దూరము ఆ గుంపును కొంత పలుచన చేసినది.

ఇట్లు పోవువారు రెండు తెగలు. చదువునకో ఉద్యోగమునకో పోవు పిల్లలు ఒక తెగ. కుమార్తె పురిటికో, మనుమని పెంపకమునకో, సందర్శకుల వీసాపై సాధారణముగా ఆరు నెలలు ఉండి వచ్చు తల్లిదండ్రులు రెండవ తెగ. లోకము మొదటివారినే అమెరికా చూచినవారుగా లెక్కించును. నిజమునకు యాత్రికులనదగినవారు రెండవవారే. పిల్లవానికి తీరిక ఏది? అప్పు తీర్చవలెను, ఉద్యోగము నిలుపుకొనవలెను, వీసా గడువు లెక్కించుకొనవలెను. అతడు చూచునది రహదారి, కార్యాలయము, తెర. తల్లికి అట్లు కాదు. పగలంతయు ఆమె ఇంటిలోనే ఉండును. కిటికీ ముందు నిలువబడును. ప్రక్కయింటివారు ఎప్పుడు తలుపు తీసిరో, చెత్తబండి ఏ వారము వచ్చినదో, వీధిలో మనిషి కనుపించి ఎన్ని గంటలైనదో ఆమెకు తెలియును. అరువది యేండ్లు ఒక తీరున సంసారము చేసిన కన్నులతో మరియొక సంసారపు తీరును చూచుచుండుటచే, ఆమెకు ప్రతి చిన్న భేదమును గోచరించును.

ఇట్టి చూపు తెలుగువారికి కొత్తది కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరి, పదునైదు నెలలు తిరిగి, దారిపొడుగునను తాము చూచినది మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా వ్రాసిరి. అదియే 'కాశీయాత్ర చరిత్ర'. హైదరాబాదు నగరమును అందు కలదు. గుడుల మాహాత్మ్యముతో పాటు ఏ మజిలీలో ఏ వస్తువు దొరకును, నీళ్లెట్లున్నవి, బాట ఎట్టిది, జనులు ఏమి తిందురు అను సంగతులును వ్రాయుటచేతనే ఆ గ్రంథము నేటికిని చరిత్రకారులకు పనికివచ్చుచున్నది.

అమెరికా విషయమున తొలి జాబులలో ప్రసిద్ధమైనవి స్వామి వివేకానందులవి. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో తమ పాశ్చాత్య యాత్రోద్దేశమును గూర్చి ఉపన్యసించి, ఆ వేసవిలో ఓడ యెక్కిరి. చికాగో సభ నాటి కీర్తి అందరికిని తెలిసినదే. సభకు ముందటి వారముల సంగతి అంతగా తెలియదు. ఆగస్టు 20న బోస్టను దగ్గరి పల్లె నుండి చెన్నపట్టణములోని అళసింగ పెరుమాళ్లుగారికి ఒక జాబు వ్రాసిరి. అళసింగుడు బడిపంతులు. ఇల్లిల్లును తిరిగి స్వామి ప్రయాణమునకు చందా పోగుచేసినవాడు. కావుననే స్వామి అతనికి పైసపైసకు లెక్క చెప్పిరి: దినమునకు పౌను ఖర్చగుచున్నది, ఒక చుట్టయే మన ఎనిమిదణాలు, తెచ్చిన సొమ్ము కరగిపోవుచున్నది. ఆతిథ్యమిచ్చిన వృద్ధురాలికి తాము ఇండియా నుండి వచ్చిన వింతవస్తువుగా ఉపయోగపడుచున్నామని నవ్వుచు వ్రాసిరి. అచ్చటి స్త్రీల చెరసాలను గూర్చిన వార్తయు ఆ జాబులోనిదే. దానిని చెరసాల యనక దిద్దుబాటు గృహమందురనియు, లోనివారిని దయతో చూతురనియు వర్ణించి, ఆ దేశమున తాము చూచినవానిలో అదియే మిక్కిలి గొప్పదనిరి. అంతకు నాలుగేండ్లకు ముందే, 1889లో, పండిత రమాబాయి అమెరికా లోకస్థితిపై మరాఠీలో ఒక పూర్తి గ్రంథమును వెలువరించినది. ఆమె 1886 మొదలు 1888 వరకు అచ్చట తిరిగి, ఇండ్లు, బడులు, స్త్రీల సంఘములు చూచి వ్రాసెను. ఏ దేశమునైనను లోపలి నుండి తెలిసికొనగోరువాడు స్త్రీలు వ్రాసిన యాత్రలను ముందుగా చదువుట మంచిది.

మధురానగరపు తల్లి వ్రాయదు. కాని ఆమె చూచునది వీరికంటె తక్కువ కాదు.

మొదటి వింత గోడ మీదనే ఎదురగును. దీపపు స్విచ్చి మన ఇంట క్రిందికి నొక్కినచో వెలుగును, అచ్చట పైకి ఎత్తినచో వెలుగును. ఎంత నేర్చినను చేయి వినదు. నేల మీది అంతస్తును అచ్చట మొదటి అంతస్తందురు. మన మొదటిది వారికి రెండవది. కారులో తోలువాడు ఎడమవైపు కూర్చుండి కుడిప్రక్కన పోవును. వీధి దాటుటకు తల ఎటు త్రిప్పవలెనో మరల నేర్వవలెను. అమీర్‌పేటలో కొన్న మిక్సీని అచ్చటి గోడకు తగిలించినచో తిరగదు, ఏలననగా మన విద్యుత్తు 230 వోల్టులు, వారిది 120. అందుకే 110 వోల్టుల గ్రైండర్లను వేరుగా చేసి మన అంగళ్లలో అమ్ముచుందురు.

చిత్రమేమనగా, ఆస్ట్రేలియా నుండి అమెరికా పోయిన యాత్రికుడును సరిగా ఈ చోటులనే తడబడును. అతనికి ఇంగ్లీషు పుట్టుభాష. ముఖమున పరాయితనము లేదు. ఐనను అతని ఇంటి స్విచ్చియు క్రిందికే వెలుగును, అతని కారును ఎడమప్రక్కనే పోవును, అతని నేల అంతస్తును నేల అంతస్తే, అతని విద్యుత్తును 230 వోల్టులే. బ్రిటిషువారి ఏలుబడి మిగిల్చిన అలవాటులు మనకును వారికిని ఉమ్మడి సొత్తు. కొలతల కథయు అట్టిదే. మనము 1957లో నయాపైసలకు, 1958 నుండి కిలోలకు, మీటర్లకు మారితిమి. ఆస్ట్రేలియావారు 1966లో నాణెములను దశాంశమునకు మార్చి, 1970లలో కొలతలను మార్చిరి. అమెరికాలో 1975లో శాసనమొకటి వచ్చినది గాని, మారుట ఎవరి ఇష్టము వారిదనుటచే దేశము పౌనులలో, మైళ్లలో, గ్యాలనులలో నిలిచిపోయినది. చిన్ననాట పెద్దల నోట సేర్లు, వీశెలు విని, బడిలో కిలోలు నేర్చిన ముసలమ్మ, ముదిమిలో పౌనులతో మూడవసారి లెక్క మొదలుపెట్టవలసివచ్చినది. పసిబిడ్డకు జ్వరము వచ్చి, థర్మామీటరు నూటరెండు చూపినప్పుడు మాత్రము ఆమెకు తత్తరపాటుండదు. జ్వరమును మనవారు ఇప్పటికిని ఫారన్‌హీటులోనే ఎరుగుదురు గదా.

అంగడిలో ఇద్దరును మరల కలియుదురు. మన దేశములో పొట్లము మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయుదురు. పన్నులన్నియు అందులోనే కలసియుండును. ఆస్ట్రేలియాలో 2000లో పది శాతపు పన్ను పెట్టిరి గాని, కొనువానికి చూపు ధరలో దానిని కలిపియే చూపవలెను. అమెరికాలో బల్లపై వ్రాసిన ధర ఒకటి, గల్లాపెట్టె దగ్గర చెల్లించునది వేరొకటి. అమ్మకపు పన్ను రాష్ట్రమునకొక తీరు, ఊరికొక తీరు. ఒరిగాన్, మోంటానా, న్యూహాంప్‌షైర్, డెలవేర్ రాష్ట్రములలో అసలు లేదు. చేతిలో సరిపడ చిల్లర లెక్కించుకొని నిలుచున్న తల్లి అక్కడ కంగారుపడును. హోటలులో మరియొక చిక్కు. బిల్లు మీద నూటికి పదునైదో ఇరువదియో వడ్డించినవానికి వేరుగా ఇయ్యవలెను. 'ఇది బిచ్చమా, లంచమా?' అని ఆమె అడుగును. రెండును కాదు, జీతము. టిప్పులు పొందు పనివారికి ఫెడరల్ చట్టము ప్రకారము యజమాని నగదుగా ఇయ్యవలసిన కనీసము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే. 1991 నుండి ఆ అంకె కదలలేదు. కొన్ని రాష్ట్రములు అంతకంటె ఎక్కువ ఇప్పించుచున్నవి. మిగిలిన చోట్ల వడ్డించినవాని కూలి తినినవాని దయపై నిలిచినది. అంత సంపన్న దేశములో ఇట్టి ఏర్పాటు ఎట్లు నిలిచినదో అని ఆస్ట్రేలియావాడును ముక్కుపై వ్రేలు వేసికొనును, ఏలననగా వాని దేశములో వడ్డించువానికి చట్టము పూర్తి కనీస వేతనమునే ఇచ్చును.

వంటింటి సంగతి వేరే చెప్పవలెను. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయలు వేగి ఘాటు లేచినంతనే పైకప్పున నున్న పొగగంట కెవ్వున మొరపెట్టును. పోపు పెట్టినందుకు ఇల్లంతయు అగ్నిప్రమాదమును చాటినట్లగును. అల్లుడు తువ్వాలుతో విసరుచుండగా, కుమార్తె కిటికీలు తెరచుచుండగా, అత్తగారు తానేదో అపచారము చేసినట్లు గరిట పట్టుకొని నిలిచియుండును. చెక్కతో కట్టిన ఇండ్లలో నిప్పు ఎంత వేగముగా ప్రాకునో తెలిసినచో ఆ గంట విలువయు తెలియును. కాని మొదటి దినమున అది ఎవ్వరికిని తోచదు. బట్టలు ఆరవేయుటయు అట్లే. పెరటిలో ఎండ కాయుచుండగా, చొక్కాలను మరలో వేసి కరెంటుతో ఆరబెట్టుదురు. తీగ కట్టి ఆరవేయుదమన్నచో, చాల కాలనీలలో ఇండ్లవారి సంఘము నియమము ఒప్పదు. వీధికి అందము చెడునట! ఎండను వృథా చేయుట మన తల్లులకు అన్నము పారవేసినంత బాధ. ఆ తలంపు అచ్చటివారిలోను కొందరికి కలిగి, కొన్ని రాష్ట్రములు బట్టలారవేయు హక్కునకు చట్టములు చేసినవి.

వీధిలో ఆమెకు కనుపించు మొదటి విశేషము మనుష్యులు లేకుండుట. ఇండ్లున్నవి, చెట్లున్నవి, కార్లున్నవి, నడచువాడు లేడు. పెక్కు పేటలలో కాలిబాటయే లేదు. కూరగాయల అంగడి మైళ్ల దూరము. కారు నడపనివానికి ఆ దేశమున కాళ్లు లేనట్లే. మధురానగరములో కొత్తిమీర కొరకు చెప్పులు తొడిగికొని మెట్లు దిగిన స్త్రీ, అచ్చట శనివారము వరకు ఎదురుచూడవలెను. అది ఆమెకు చిన్న బాధ కాదు. తన ఇంటికి తానే యజమానురాలుగా మెలగినది, ఇప్పుడు కారు తోలువారి తీరికకు లోబడినది.

ఐనను అదే వీధిలో ఆమె మెచ్చునదియు కలదు. నాలుగు దారులు కలియుచోట 'ఆగుము' అను ఎర్రపలక ఉండును. పోలీసు లేడు, ఎదుట బండి లేదు, అర్ధరాత్రి. ఐనను వచ్చిన కారు ఆగి, చూచి, కదలును. ఇద్దరు వచ్చినచో ముందు వచ్చినవాడు ముందు పోవును. పసుపుపచ్చ బడిబస్సు ఆగి, ప్రక్కనున్న చిన్న పలక తెరచుకొన్నదా, ముందు వెనుకల కార్లన్నియు నిలిచిపోవలసినదే. పిల్లవాడు దాటిన తరువాతనే కదలును. ఈ ఒక్క దృశ్యమును చూచి వచ్చిన తల్లులు అమీర్‌పేట కూడలిలో రోడ్డు దాటునప్పుడెల్ల దానిని తలచుకొందురు.

పనిని గూర్చి ఆమె చూచునది ఇంకను లోతైనది. ప్రక్కయింటి వైద్యుడు ఆదివారము నాడు తానే గడ్డి కోయును. ఆచార్యుడు చెత్తతొట్టిని తానే వీధి చివరకు దొర్లించుకొనిపోవును. విద్యార్థులు హోటళ్లలో గిన్నెలు కడుగుదురు, ఎవ్వరును చిన్నచూపు చూడరు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరి, వైద్యపట్టము చేతనుంచుకొనియు, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి పొట్ట పోసికొనిరి. ఆయన పేరు తలచినంతనే ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ రాత్రి పని అంతగా జ్ఞప్తికి రాదు. ఆయన 1948లో మరణించువరకు మరల స్వదేశము చూడలేదు. ఈ శ్రమగౌరవమును పొగడని తెలుగు తల్లిదండ్రులు లేరు. ఇచ్చట ఒక ప్రశ్న వేయక తప్పదు: తిరిగివచ్చిన పిమ్మట తమ ఇంటి పనిమనిషికి వేరు గ్లాసులో కాఫీ ఇచ్చు అలవాటు ఎందరు మానిరి? పరదేశమున చూచిన మంచిని పరదేశమునకే వదలివచ్చుట మనవారిలో తరచుగా కనుపించును. మరియొక ప్రక్కయు చెప్పవలెను. అమెరికాలో అందరును తమ పని తామే చేసికొనుట కేవలము సుగుణముచేతనే కాదు, మనిషిని కూలికి పెట్టుకొనుట మిక్కిలి ఖరీదగుటచేత కూడ.

ఉపాధ్యాయులకు ఆసక్తి గొల్పు సంగతులు రెండు. ఒకటి గ్రంథాలయము. ఊరూరను ప్రజల పన్నులతో నడచు గ్రంథాలయముండును. ఆ ఊరివారు రుసుము లేకుండ పుస్తకములు ఇంటికి తెచ్చుకొందురు. పసిపిల్లలను నేలపై కూర్చుండబెట్టి కథలు చదివి వినిపింతురు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఒక్కడే ఆ దేశములో 1,600కు పైగా గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. కారు లేని తల్లికి గ్రంథాలయము నడకదూరములో నున్నదా, ఆమె ఆరు నెలలును సుఖముగా గడచినట్లే. ఇది మనకు తెలియని భాగ్యము కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోనే వెలసినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయ మహాసభ జరిపి ఊరూర ఉద్యమము నడపిరి. పడవలలో పుస్తకములు త్రిప్పిన జాతి మనది. నేడు అమీర్‌పేట చుట్టుప్రక్కల హాస్టళ్లలోని పిల్లలు గంటకింతయని సొమ్ము చెల్లించి అద్దె చదువుగదులలో కూర్చుండుచున్నారు.

రెండవది బడి. బిడ్డను ఏ బడిలో చేర్చుదురో ఇంటి చిరునామాయే చాల చోట్ల నిర్ణయించును. బడి ఆదాయములో పెద్ద భాగము ఆ ప్రాంతపు ఇండ్లపై వేయు పన్నులనుండి వచ్చును. కావున ఇండ్ల వెల ఎక్కువగా నున్నచోట బడి బాగుండును, బడి బాగున్నచోట ఇండ్ల వెల ఇంకను పెరుగును. మనవారు ఇల్లు వెదకునప్పుడు ముందుగా బడికి వచ్చిన మార్కులు చూచుట ఇందుకే. పది మైళ్ల ఆవల బీదల పేటలో అదే ప్రభుత్వపు బడి మరియొక తీరుగా నుండును. తన మనుమని తరగతిలోని బల్లలు, రంగులు, బొమ్మలు చూచి మురిసిన అమ్మమ్మకు ఆ రెండవ బడి కనుపించదు. సాధారణముగా అటు ఎవ్వరును తీసికొనిపోరు. యాత్రికుని కన్ను ఎంత నిశితమైనను, చూపించినంత మేరకే చూచును.

తండ్రుల అనుభవము కొంత భిన్నము. మధురానగరములో ఉదయమున పత్రిక, సాయంకాలము పార్కులో నలుగురితో రాజకీయము అలవాటైన మనిషికి అచ్చట మాటలాడ తోడుండదు. శీతకాలమున ఉత్తరపు రాష్ట్రములలో సాయంత్రము అయిదు కొట్టకముందే చీకటి క్రమ్మును. నవంబరులో ఒక ఆదివారము గడియారములను గంట వెనుకకు, మార్చిలో మరల ముందుకు జరుపుదురు. ఇంటికి ఫోను చేయుటకు వేసవిలో న్యూయార్కునుండి తొమ్మిదిన్నర గంటలు కలుపుకొన్నవాడు, చలికాలములో పదిన్నర కలుపుకొనవలెను. ఆయనకు మిక్కిలి భయము కలిగించునది జబ్బు. సందర్శకుల బీమా పాలసీలు పెక్కు పాత రోగములకు వర్తింపవు. అచ్చట వైద్యుని చీటీ లేనిదే మందులంగడివాడు రక్తపుపోటు మాత్రను కూడ ఇయ్యడు. అందుచే బయలుదేరునప్పుడు ఆవకాయ జాడీలకంటె మాత్రల సంచియే ముందుగా సర్దుదురు. పన్నునొప్పి వచ్చినను, ఇండియా పోయిన పిమ్మట చూచుకొందమని పండ్లు బిగించి ఓర్చుకొన్న తండ్రులెందరో!

ఇక ఆ ఇంటిలో తల్లికి మాత్రమే కనుపించునది ఒకటి కలదు. ఇంజనీరింగు చదివిన కుమార్తె, భర్త వీసాతో వచ్చినదై, ఉద్యోగము చేయుటకు అనుమతి లేక వంటింటిలో ఏండ్లు గడుపుట. 2015 మే నెలలో ఒక నియమము వచ్చి, భర్త శాశ్వత నివాసపు అర్జీ ఒక దశ దాటిన పిమ్మట భార్య పనిచేయుటకు వీలు కలిగినది. ఆ దశ రానివారికి ఎదురుచూపే. శాశ్వత నివాసమైనను తొందరగా లభించునది కాదు. ఉద్యోగముల ద్వారా ఇచ్చువానిలో ఏ ఒక్క దేశమువారికిని సాధారణముగా నూటికి ఏడు మించరాదను నియమముచే, భారతీయుల వరుస ఏండ్లకు ఏండ్లు సాగుచున్నది. ఈలోగా ఇంటిలో ఆపద వచ్చినచో, పోయినవాడు వీసా ముద్ర లేక తిరిగి రాగలడో లేడో యని కుమారుడు తండ్రి అంత్యక్రియలను ఫోను తెరపై చూచిన ఇండ్లు కలవు. మైత్రీవనము కూడలిలోని కాగితములపై ఈ వాక్యము అచ్చువేయరు. తెలిసినను పిల్లలు పోక మానరు, మానవలెననియు ఎవ్వరును చెప్పజాలరు. కాని తెలిసి పోవుటకును తెలియక పోవుటకును భేదము లేదా?

తెలియజేయువారు లేకపోలేదు. అమెరికా పోయివచ్చిన తల్లి ఈ పేటలో అంతస్తునకొకతె ఉన్నది. వెనుకటి కాలమున నీలిరంగు విమానపు జాబు వచ్చెడిది. చోటు చాలక అంచులలో కూడ వ్రాసిన అక్షరములతో, మంచు మొదటిసారి పడిన సంగతి, పెరుగు తోడుకోని సంగతి, పండుగ పనిదినమున వచ్చిన సంగతి చదివి, ఇరుగుపొరుగునకు వినిపించి, పెట్టెలో దాచుకొనెడివారు. నేడు ప్రతి రాత్రియు తెరపై ముఖములు కనుపించుచున్నవి. అన్నము తిన్నావా యని అడుగుదురు, బిడ్డను చూపింతురు, కట్టివేయుదురు. జాబున్నచోట చూచినదంతయు మాటలలో పెట్టవలసివచ్చెడిది. తెరపై చూపించుచున్నప్పుడు మాటల అవసరమే తోచదు. వేలకొలది కుటుంబములు ఒక ఖండాంతర జీవనమును ఇంత దగ్గరగా చూచినను, దాని నిత్యకృత్యమును తెలుగులో వ్రాసిపెట్టిన పుటలు ఆ సంఖ్యకు తగినన్ని లేవు.

ఇరువదిమూడేసి కిలోల పెట్టెలు రెండు దొర్లించుకొని ఆమె తిరిగి వచ్చినప్పుడు, ఎదురింటివారు అడుగు ప్రశ్నలు అందరికిని తెలిసినవే: అబ్బాయి జీతమెంత, ఇల్లు కొన్నాడా, కాగితములు వచ్చినవా. బడిపిల్లలు అడిగినచో వేరుగా అడుగుదురు. 'అచ్చట కాకులుండునా అమ్మమ్మా? పాలు ఎవరు తెత్తురు? కరెంటు పోయిన రాత్రి ఏమి చేసితిరి? పనిమనిషి లేనిచో అంట్లు ఎవరు తోమిరి? వీధిలో ఎవ్వరును లేకున్న నీవెవరితో మాటలాడితివి?' తెలుగు పంతులుగారు సెలవులలో వ్యాసము వ్రాయుమని పిల్లలకు అప్పగించునప్పుడు, ఈ ప్రశ్నలతో వారిని మేడమీది అమ్మమ్మ దగ్గరకు పంపవచ్చును. మజిలీ మజిలీకి బోయీలు పల్లకి దించినప్పుడు, నీళ్లు మంచివేనా, బియ్యమేపాటి ధర, రాత్రి ఎచ్చట పండుకొందురని వీరాస్వామయ్యగారు విచారించినవియు ఇట్టి సంగతులే.